చంటిబిడ్డల చేతిలో గాజుపలక

మన కంబదూరు మండలమున చంటిబిడ్డ యున్న యింటిలో నేడు ఊయెల లేకపోవచ్చును గాని, తాకుడు తెరగల ఫోను లేకపోవుట అరుదు. ఆ ఫోనులో బిడ్డకొఱకు ప్రత్యేకముగా దింపియుంచిన ఆటలు ఒకటి రెండు తఱచుగా నుండును. ఒకదానిలో తెరపై రంగురంగుల బుడగలు తేలుచుండును. బిడ్డ వ్రేలు మోపగనే బుడగ పగిలి కిలకిలమని నవ్వు వినబడును. ఇంకొకదానిలో ఆవు బొమ్మ; తాకిన నది అంబా యనును. మఱియొకదానిలో చేయి యెచ్చట బడిన నచ్చట రంగు చిమ్మి గంట మ్రోగును. వీనికి నియమములు లేవు, గెలుపోటములు లేవు, చదువవలసిన యక్షరము లేదు. ఆఱు మాసముల బిడ్డ మొదలు మూడేండ్ల బిడ్డ వఱకు తగినవని చేసినవారే చెప్పుకొనుచున్నారు. ఈ యాటల యాపులను గూర్చి నా యభిప్రాయమును మన పత్రికాముఖమున తల్లిదండ్రులకును, సహోపాధ్యాయులకును, ముఖ్యముగా విద్యార్థులకును విన్నవింప దలచితిని.

విద్యార్థులకు ముఖ్యముగా ననుటకు కారణము కలదు. ఫోను తండ్రిదే యైనను దాని గుట్టుమట్టులు తెలిసినది తొమ్మిదవ తరగతి చదువుచున్న అన్నకో అక్కకో గాని పెద్దలకు గాదు. తల్లి వేరుసెనగ చేనికి కలుపు తీయబోవును. తండ్రి బెంగుళూరిలో కట్టడపు పనిలో నుండును. ఇంటివద్ద అవ్వ యుండును. ఆమెకు మోకాళ్ల నొప్పులు. సాయంకాలము బడినుండి వచ్చిన అక్క చంకకు బిడ్డ చేరును. ఆమెకు మఱునాటి లెక్కలు చేయవలసి యున్నవి. బిడ్డ యేడ్చును. ఒక ఆటను దింపి చేతికిచ్చిన యేడ్పు మానును. కావున మన యూరి పసిబిడ్డలు ఏ యాట నాడవలెనో నిర్ణయించుచున్నవారు నిజమునకు మీరే. మీలో పెక్కండ్రు ఈ మాట విని నవ్వుదురేమో. కాని నేను పరిహాసమున కనుటలేదు.

తల్లిని గాని అవ్వను గాని నిందించుటకు నేను కలము పట్టలేదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు నమ్మరానిది, కురియు నీ మెట్టసీమలో ఆడువారికి దినమున దొరకు తీరిక యెంతయో యెఱిగినవారెవ్వరును వారి యరగంట నెమ్మదిని పరిహసింపరు. సంగటి కెలకు వేళ పొయ్యిదగ్గఱకు ప్రాకివచ్చు బిడ్డకంటె ఫోను చూచుచు గోడకానుకొని కూర్చున్న బిడ్డ క్షేమమని ఒక తల్లి యన్నచో నేను బదులు చెప్పజాలను. నాకు చింత గొలుపునది వేఱొకటి. ఇటీవల పలువురు తల్లిదండ్రులు నన్ను "అయ్యా, బిడ్డకు ఏ యాపు వేసిన చదువు త్వరగా వచ్చును?" అని యడుగుచున్నారు. ఏడ్పు మాన్పుటకు దింపిన యాట, వారి మనస్సులో విద్యగా మాఱినది. దీనిని మాత్రము నేనంగీకరింపజాలను.

ఈ వాడుక యెంత క్రొత్తదో మనము మఱచుచున్నాము. వ్రేలితో తాకి నడుపు ఐఫోను 2007లో వెలువడినది. ఆపిల్ వారి యాపుల యంగడి 2008 జూలైలో తెఱవబడినది. పలకవంటి ఐప్యాడు 2010లో వచ్చినది. 2016 సెప్టెంబరులో జియో ప్రవేశించి ఇంటర్నెట్టు చౌకయైన పిమ్మట మన పల్లెలకు ఫోను విరివిగా చేరినది. 2020లో కరోనావలన బడులు మూతపడి పాఠములు ఫోనుద్వారా జరుగవలసి వచ్చినపుడు అప్పుచేసి ఫోను కొనిన కుటుంబములు మనలో నెన్నియో కలవు. పెద్దవాని పాఠములకై కొనిన ఫోను, బడులు తెఱచిన తరువాత చిన్నవాని చేతిలో పడినది. ఇంతియే చరిత్ర. ఈ యాటలతో పెరిగిన బిడ్డలలో పెద్దవారు ఇప్పుడిప్పుడే కళాశాలలకు పోవుచున్నారు. "మా తాతల కాలమునుండి" యని చెప్పుటకు దీనిలో నేమియు లేదు.

అంత చిన్న బిడ్డ కీ తెర యెట్లు వశమగుచున్నదో కొంచెము తెలిసికొనుట మేలు. గాజు క్రింద విద్యుత్తు ప్రవహింపగల సన్నని పొర యొకటి యుండును. మానవదేహమునకు విద్యుదావేశమును గ్రహించు గుణము కలదు గనుక, వ్రేలు తగిలినచోట ఆవేశము రవంత మాఱును. ఆ మార్పును బట్టి తాకిన స్థలమును యంత్రము గుర్తించును. పుల్లతో పొడిచిన పలుకదు. మెత్తని పసివ్రేలు సోకిన చాలును. బలము అక్కఱలేదు, గురి అక్కఱలేదు, పట్టు అక్కఱలేదు. గిలక నాడింపవలెనన్న బిడ్డ దానిని పట్టవలెను, ఎత్తవలెను, ఊపవలెను. పట్టు తప్పిన నది పడిపోవును. అయిదాఱు మాసములకు అఱచేతితో బిగబట్టుటయు, తొమ్మిది పది మాసములకు బొటనవ్రేలు చూపుడువ్రేలు కలిపి చిన్న వస్తువును ఏఱుటయు బిడ్డ నేర్చును. బలపము పట్టుటకు ఇదియే మొదటి మెట్టు. గాజుపలక ఈ శ్రమనంతయు మాఫీ చేయుచున్నది. అందుచేతనే యది బిడ్డకు ప్రియము. అందుచేతనే నాకు దానియందు సందేహము.

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము చదివిన పెద్దలు ఈ సంగతిని ముందే యాలోచించిరి. జర్మనీ దేశమున ఫ్రోబెల్ పండితుడు 1837లో చిన్నబిడ్డల పాఠశాలను స్థాపించి, బిడ్డ కీయదగిన మొదటి కానుకగా ఉన్నితో నల్లిన రంగుల బంతులను, వానికి కట్టిన దారమును నిర్ణయించెను. లాగిన వచ్చును, వదలిన పోవును, పిండిన నొక్కుకొనును. మేరియా మాంటిస్సోరీగారు 1939లో మదరాసు చేరి, అడయారులో మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ మొసగిరి. ఆమె పరికరములలో బరువు వేఱు, గరుకు వేఱు, పొడవు వేఱు. తప్పు చేసిన కొయ్యముక్క గుంటలో నిమడదు, ఉపాధ్యాయుడు నోరు తెఱవనక్కఱ లేకయే బిడ్డకు తప్పు తెలియును. ఇప్పుడు మన ఫోనును చూడుడు. మామిడిపండును తాకినను గాజే. పిల్లిని తాకినను గాజే. నిప్పును తాకినను గాజే. అన్నియు నొకే నునుపు, ఒకే చల్లదనము, ఒకే బరువు. లోకమును చేతితో చదువు ప్రాయమున నున్న బిడ్డకు ఈ పుస్తకమున నొకే యక్షరము కలదు.

ఇక చదువు వచ్చుననువారి సంగతి. అమెరికాలో వెనుకటి దినములలో పసిబిడ్డలు తెలివిగలవా రగుదురని బేబీ ఐన్‌స్టీన్ అను వీడియోలు విరివిగా అమ్ముడుపోయెను. వానిని అమ్మిన డిస్నీ సంస్థ, బాలల పక్షమున వాదించువారి యాక్షేపణల పిమ్మట, కొనినవారికి 2009లో సొమ్ము తిరిగి యిచ్చుటకు ఒప్పుకొనెను. 2013 ఆగస్టులో అదే సంఘమువారు, చంటిబిడ్డలకు అక్షరములు అంకెలు నేర్పునని చెప్పుకొను యాపులకు ఋజువు లేదని ఫిషర్‌ప్రైస్ మొదలగు కంపెనీలపై అచ్చటి వాణిజ్య కమిషనునకు ఫిర్యాదు చేసిరి. ఆ యేటనే ఐప్యాడును ముఖమున కెదురుగా తగిలించిన పసిబిడ్డ యాసనము కూడ నంగడికి వచ్చెను. మన యూరికి రాలేదు, సంతోషము.

పరిశోధకులు చేసిన పరీక్షలు రెండింటిని మాత్రము చెప్పెదను. 2009లో ప్రకటింపబడిన యొక పరీక్షలో పదునైదు మాసముల బిడ్డలకు బొమ్మబండిపైని మీట నొక్కుట చూపిరి. నిజపు బొమ్మపై చూచినవారు నిజపు బొమ్మపై నొక్కిరి. తెరపై చూచినవారు తెరపై నొక్కిరి. కాని తెరపై చూచినదానిని నిజపు బొమ్మకు మార్చుకొనుట వారికి మిక్కిలి కష్టమాయెను. తెరలో నేర్చినది తెరలోనే నిలిచిపోయినది. 2003లో పట్రీషియా కుల్ అను శాస్త్రవేత్త తొమ్మిది మాసముల అమెరికా బిడ్డలకు చీనాభాష వినిపించెను. ఎదుట కూర్చుండి మాటలాడి యాడించిన మనిషివలన ఆ భాషలోని ధ్వనుల భేదము బిడ్డలకు పట్టుబడెను. అదే మనిషిని, అవే మాటలను, టెలివిజనులో చూపినపుడు ఏమియు పట్టుబడలేదు. తెలుగు కన్నడము కలిసి వినబడు మన సరిహద్దు పల్లెలలో బిడ్డ రెండు భాషలు ఉచితముగా నేర్చుచున్నాడు. ఏలయన రెండును మనుష్యుల నోటినుండి వచ్చుచున్నవి.

పక్షపాతము లేక చెప్పవలెనన్న, రెండవ వైపున గూడ కొంత కలదు. లండను పరిశోధకులు 2016లో ప్రకటించిన దానిలో, తెరను వ్రేలితో జరుపుట త్వరగా నేర్చిన బిడ్డలకు చిన్నవస్తువులను పేర్చు నేర్పుకూడ త్వరగా వచ్చినట్లు కనబడెను. నడకకు, మాటకు నష్టము కనబడలేదు. ఏది కారణమో ఏది కార్యమో దానివలన తేలదు. చుఱుకైన చేతులు గల బిడ్డయే తెరను ముందుగా జరిపియుండవచ్చును. అయినను తాకిన మాత్రమున బిడ్డ పాడగునని భయపెట్టువారి మాటను కూడ నేను నమ్మను. నిజము చెప్పిన, బుడగలు పగులగొట్టు యాటయందు నాకు కొంత గౌరవమే కలదు. అది తాను ఆటనని చెప్పుచున్నది, గురువునని చెప్పుటలేదు. తొమ్మిది మాసముల బిడ్డకు ఇంగ్లీషు అక్షరమాల నేర్పెదనను యాపుకంటె, అంబా యను ఆవే నిజాయితీ గలది.

నష్టము ఆటలో నున్నంత ఆటవలన పోవు కాలములో నున్నది. ఆస్ట్రేలియాలో 220 కుటుంబములను పరిశీలించి 2024లో ప్రకటించిన లెక్క యిది: మూడేండ్ల బిడ్డ తెర యెదుట గడపిన ఒక్కొక్క నిమిషమునకు, ఇంటి పెద్దల నోటి మాటలు సుమారు 7, బిడ్డ చేయు పలుకులు సుమారు 5 తగ్గుచున్నవి. అరగంటకు లెక్క మీరే కట్టుకొనుడు. ఆఱవ తరగతి పిల్లవాడు చేయదగిన గుణకారము. లండనువారే 2017లో మఱొక సంగతి చూపిరి: తాకుడు తెరతో గడపు ఒక్కొక్క గంటకు పసిబిడ్డ నిద్ర దినమునకు సుమారు పావుగంట తక్కువగా నుండెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, ఏడాదిలోపు బిడ్డకు తెర వలదనియు, రెండేండ్లు మొదలు నాలుగేండ్ల వఱకు దినమున కొక గంటకు మించరాదనియు, తక్కువైనంత మేలనియు చెప్పెను. మన దేశపు పిల్లల వైద్యుల సంఘమగు ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారు 2022లో ప్రకటించిన సూచనలలో రెండేండ్లలోపు బిడ్డలకు తెరయే కూడదనిరి. ఒక్క మినహాయింపు మాత్ర మిచ్చిరి. దానిని గూర్చి తరువాత చెప్పెదను.

ఉచితముగా దొరకు ఆటలలో మఱియొక చిక్కు కలదు. ఇది అన్నలకు, అక్కలకు చెప్పుచున్నాను. మిషిగను విశ్వవిద్యాలయమువారు అయిదేండ్లలోపు బిడ్డల యాపులు 135 పరీక్షించి, నూటికి 95 వానిలో ఏదో యొక విధమగు ప్రకటన యున్నట్లు 2018లో చూపిరి. కొన్నింటిలో ఆట నడుమ ప్రకటన తెరనంతయు కప్పును. కొన్నింటిలో బొమ్మయే "ఇది కొను" మని పురిగొల్పును. కొననిచో నేడ్చు బొమ్మకూడ కలదు. రెండేండ్ల బిడ్డకు ప్రకటనకు ఆటకు భేదము తెలియదు. తాకినచోట నెల్ల ఏదో జరుగునని ఆట నేర్పినది గదా, ప్రకటననుకూడ తాకును. పిల్లలు తెలియక తాకి చేసిన కొనుగోళ్ల విషయమై ఆపిల్ సంస్థ 2014 జనవరిలో అమెరికా ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, తల్లిదండ్రులకు 3 కోట్ల 25 లక్షల డాలర్లకు తక్కువ కాకుండ తిరిగి యిచ్చుటకు సమ్మతించెను. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టములో బాలలను గుఱిచేసి ప్రకటనలు చూపరాదను నిబంధన వ్రాయబడినది. చట్టము గ్రంథమున నుండుట వేఱు, బిడ్డ యొడిలోని ఫోనును కాచుట వేఱు. కావున రెండేండ్లు నిండిన బిడ్డకు ఆట యీయక తప్పనిచో నిట్లు చేయుడు. ఇంటర్నెట్టు లేకుండ నడచు ఆటను ఎన్నుకొని, ఇచ్చుటకు ముందు ఏరోప్లేన్ మోడ్ వేయుడు. యాప్ పిన్నింగ్ అను సదుపాయముతో ఆ యాట తప్ప వేఱొకటి తెఱవబడకుండ బిగింపుడు. ఐఫోనులో దీనిని గైడెడ్ యాక్సెస్ అందురు. సొమ్ము చెల్లించు యాపులకు తాళము వేయుడు. ధ్వని తగ్గింపుడు. అన్నింటికంటె ముఖ్యము, బిడ్డను ఒడిలో పెట్టుకొని "ఇదేమి? మన ఎఱ్ఱావు ఇట్లే యఱచునా?" అని యడుగుడు. అన్నము తినిపించునపుడును, నిద్రపుచ్చునపుడును మాత్రము ఫోను దూరముగా నుండవలెను. ఎంత తినినదో బిడ్డ కడుపుకు తెలియుటయే మేలు, తెరకు గాదు.

పైని చెప్పిన మినహాయింపు ఏదనగా, దూరమున నున్న బంధువులతో ముఖాముఖి మాటలాడు వీడియో కాలు. మన ప్రాంతమునకు ఇది చిన్న సంగతి గాదు. వానలు తప్పిన యేట బెంగుళూరికి పోయిన తండ్రి, బిడ్డకు మొదటి పండ్లు వచ్చుట, మొదటి యడుగు పడుట ఆ తెరలోనే చూచుచున్నాడు. బిడ్డ ఊకొట్టిన ఆయన మాఱుపలుకును. ఆయన చేయి ఊపిన బిడ్డ ఊపును. బుడగల యాటకు దీనికి గల భేదమంతయు ఇందే కలదు. ఇచ్చట అవతల మనిషి యున్నాడు. ఫోనునకు బిడ్డ దగ్గఱ నొక పని కలదన్న ఇదియే యని నా దృఢమైన యభిప్రాయము. దినమున పది నిమిషము లిట్లు గడపిన యింటిలో తక్కిన యాపుల నన్నిటిని తీసివేసినను బిడ్డకు కొఱత లేదు.

"తీసివేసినచో బదులేమి?" అని అవ్వ యడుగును. ఆమె యడుగుట న్యాయము. బదులు ఆమె వంటింటిలోనే యున్నది. రెండు గిన్నెలు, మూత, చేట, కొలపాత్రలు, అంచులు నున్నగా నరగదీసిన కొబ్బరిచిప్ప. ఒకదానిలో నొకటి యిముడును, క్రిందపడిన మ్రోగును, దొర్లిపోయిన వెంట ప్రాకవలెను. ఒక్క హెచ్చరిక. మనది వేరుసెనగ సీమ, ఇంటనిండ గింజలే. ఆ గింజ బిడ్డ గొంతులోనికి పోయి శ్వాసనాళమున చిక్కుకొనుట మిక్కిలి అపాయకరము. బిడ్డ నోటిలో దూరునంత చిన్నది ఏదియు ఆటవస్తువు గాదు. బెంగుళూరునుండి పండుగకు వచ్చు తండ్రులు మిఠాయి పొట్లముతోపాటు చన్నపట్నపు గిలక యొకటి తేవచ్చును. ఆ యూరు మైసూరు మార్గముననే యున్నది. అచ్చటి బొమ్మలును, మన యేటికొప్పాక లక్కబొమ్మలును అంకుడు కఱ్ఱతోనే తరిణె పట్టబడి, లక్కతో మెఱుగు పెట్టబడుచున్నవి. ఏటికొప్పాకవారు చెట్ల రంగులు వాడి, వానికి 2017లో భౌగోళిక గుర్తింపు పొందిరి. బిడ్డ నోటబెట్టుకొనినను దిగులుపడనక్కఱ లేని రంగులవి.

బడిలో చేర్చుటకు బిడ్డను తెచ్చు తల్లిదండ్రులు, "వీడు ఫోనులో ఏ, బీ, సీ లన్నియు తాకి చూపును" అని గర్వముతో చెప్పుదురు. నేను సంతోషముగా విందును. తరువాత మొదటి తరగతి ఉపాధ్యాయిని ఆ బిడ్డకు బలపమిచ్చును. చేయి బిగువు లేక బలపము జాఱుచుండును. పేరడిగిన తల్లి ముఖము చూచును. ప్రక్కన కూర్చున్న మఱొక బిడ్డకు అక్షరమొకటియు రాదు. కాని తన మేకపిల్ల పేరు, దాని తల్లి పేరు, అది నిన్న ఎవరి చేనిలో పడినదో పూసగ్రుచ్చినట్లు చెప్పును. మా ఉపాధ్యాయిని నడిగి చూడుడు, ఇద్దఱిలో ఎవరికి సంక్రాంతినాటికి చదువు వచ్చునో.

ఒక ప్రతిపాదనతో విరమించెదను. మన పాఠశాలలో చేతిపనుల పీరియడు కలదు. అందు కాగితపు పూలు చేసి చేసి మీరును విసిగితిరి, చూచి చూచి మేమును విసిగితిమి. రాబోవు వేసవి సెలవులకు ముందు ఎనిమిది, తొమ్మిది తరగతులవారు గుడ్డబంతులు కుట్టుట, కొయ్యముక్కలకు ఇసుకకాగితము పట్టించి నునుపు చేయుట, ఒకదానిలో నొకటి యిముడు డబ్బాలకు గుడ్డ యతికించుట మొదలుపెట్టవచ్చును. ఒక్కొక్కరు రెండేసి వస్తువులు చేసిన చాలును. ఒకటి ఇంటిలోని బిడ్డకు. ఒకటి మీ వీథి అంగన్‌వాడీకి. గుడ్డలు, దారము నేను సమకూర్చెదను. కొయ్యముక్కలకు మాత్రము వడ్రంగి కొట్టముల వద్ద మీరే యడుగవలెను. ఒప్పుకొనువారు తమ పేర్లు తరగతి నాయకునివద్ద వ్రాయింపుడు.